ఒక చిన్న అవగ్రహం

పోయిన నెల మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ప్రవచనం ముక్క తిరిగింది. ఆడవాళ్ళు ఏ వయసులో ఎవరి మాట వినాలో చెప్పాక ఆ ప్రవచనకర్త, "ఇది నా అభిప్రాయం కాదు, శాస్త్రంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను" అన్నారు. కింద వరసగా దండాలు. నేనూ ఒక దండం పెట్టబోయి ఆగిపోయాను. ఆడవాళ్ళ సంగతి మా చెల్లెళ్ళు అప్పటికే చూసుకుంటున్నారు, ఆ జవాబులు ఇక్కడ రాయలేను. నేను ఆగింది "ఉన్నది ఉన్నట్టు" అన్న మాట దగ్గర.

ఎందుకంటే సరిగ్గా ఆ మాటే నేనూ ఒకసారి అన్నాను, మా పెదనాన్న ఎదురుగా కూర్చుని. అప్పటినుంచి ఆ మాట ఎవరి నోట విన్నా నా చెవులు నిక్కబొడుచుకుంటాయి.

మా బాబాయి కూతురికి 2021 కరోనాలో భర్త పోయాడు. అప్పటికి పాపకి నాలుగేళ్ళు. రెండేళ్ళ తర్వాత తన ఆఫీసులోనే పనిచేసే ఒకతను పెళ్ళి ప్రస్తావన తెచ్చాడు. చెల్లికి ఇష్టమే. పిన్ని మనసులో సరే అనుకుని పైకి ఏడ్చింది. బాబాయి మాత్రం, "అన్నయ్య ఊఁ అంటే నాకేం అభ్యంతరం లేదు" అని బంతిని కోనసీమలో మా ఊరికి తోశాడు. పెదనాన్న హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. సంస్కృతం ఇంట్లోనే తాతయ్య దగ్గర చదువుకున్నారు. ఆయన్ని ఒప్పించే పని నా మీద పడింది.

రాత్రి బస్సులో హైదరాబాదు నుంచి అమలాపురం వెళ్తూ ఫోన్‌లో వెతుక్కున్నాను. వీరేశలింగం గారు ఏ శ్లోకం పట్టుకుని వాదించారో అదే దొరికింది, పరాశరుడి పేరుతో ఉన్న ధర్మశాస్త్రం, పరాశర స్మృతి నాలుగో అధ్యాయంలోది.

నష్టే మృతే ప్రవ్రజితే క్లీబే చ పతితే పతౌ
పంచస్వాపత్సు నారీణాం పతిరన్యో విధీయతే

భర్త జాడ లేకుండా పోయినా, చనిపోయినా, సన్యాసం పుచ్చుకున్నా, నపుంసకుడైనా, పతితుడైనా, ఈ ఐదు ఆపదల్లోనూ స్త్రీకి వేరొక భర్త విధించబడ్డాడు. పైగా కలియుగానికి పరాశరుడి ధర్మాలే ప్రమాణమని అదే పుస్తకం మొదటి అధ్యాయంలో ఉంది, "కలౌ పారాశరాః స్మృతాః" అని. ఇంకేం కావాలి? స్క్రీన్‌షాట్ తీసుకుని హాయిగా పడుకున్నాను.

కాఫీ తాగుతూ పెదనాన్నకి చదివి వినిపించాను. "నా సొంత పైత్యం ఏం లేదు పెదనాన్నా, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "దాని కింద శ్లోకం కూడా చదువు" అన్నారు.

"అంతవరకే ఉంది."

"ఫోన్‌లోనా, పుస్తకంలోనా?"

నిజానికి ఫోన్‌లోనూ ఉంది. నేనే కత్తిరించాను. కింది శ్లోకం భర్త పోయాక బ్రహ్మచర్యంలో ఉన్న స్త్రీకి స్వర్గం అంటుంది. ఆ కిందది ఇంకా ఘోరం. మనిషి ఒంటి మీద మూడున్నర కోట్ల రోమాలున్నాయట, భర్తతో సహగమనం చేసిన ఆవిడ అన్నేళ్ళు స్వర్గంలో ఉంటుందట. ఇవి చూసి, మంచి పని కోసం వెళ్తున్నాను కదా అని గోరుతో తెర మీద గీత జరిపి కత్తిరించేశాను. ఆ ప్రవచనకర్త అయినా అంతకన్నా ఏం చేసి ఉంటాడు?

దాక్కున్న అకారం

పెదనాన్న లోపలికి వెళ్ళి తాతయ్య పుస్తకం తెచ్చారు. అట్ట ఊడిపోయింది. పేజీ తిప్పితే అంచు పొడిపొడిగా రాలుతోంది. నాలుగో అధ్యాయం దగ్గర వేలు పెట్టి చూపించారు. "పతితే" కీ "పతౌ" కీ మధ్య పెన్సిలుతో ఒక చిన్న వంకర గీత ఉంది, ఇంగ్లీషు ఎస్ లాగా. అవగ్రహం. లోపించిన అకారం ఇక్కడుందని చెప్పే గుర్తు.

ఆ గీత ఉంటే అది "పతితే అపతౌ" అవుతుంది. సంధిలో అకారం పోతుంది కాబట్టి పైకి చదివితే రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి. అర్థం మాత్రం తలకిందులు. "అపతి" అంటే ఇంకా పూర్తిగా భర్త కానివాడు, అంటే పెళ్ళి నిశ్చయమై తాళి కట్టనివాడు. కాబట్టి ఈ శ్లోకం నిశ్చయమైన సంబంధం తప్పిపోయిన పిల్ల గురించే తప్ప విధవ గురించి కాదు. పునర్వివాహాన్ని వ్యతిరేకించిన పండితుల వాదం ఇదే. వాళ్ళ చేతిలో పాణిని కూడా ఉన్నాడు. "పతి" శబ్దం ఒంటరిగా ఉంటే సప్తమిలో "పత్యౌ" అవ్వాలి, "పతౌ" అన్న రూపం సమాసంలోనే వస్తుంది అని సూత్రం. శ్లోకంలో "పతౌ" ఉంది గనక అక్కడ సమాసం ఉండి తీరాలి, కాబట్టి "అపతౌ". చిన్న వాదం కాదు. అంతకు ముందు దాకా "పండితులు అడ్డం పడ్డారు" అని చదివి, వాళ్ళకి శాస్త్రం తెలియక అడ్డం పడ్డారనుకున్నాను.

"ఈ గీత ఎవరు పెట్టారు?"

"మా నాన్నే."

తాతయ్య అక్కగారు పదకొండేళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చేశారు. చివరిదాకా ఆ ఇంట్లోనే ఉన్నారు. నేను ఆవిడని చూడలేదు. ఆవిడ కాచిన చారు రుచి గురించి, మడి బట్టతో తెల్లవారుజామున కాలవకి వెళ్ళి రావడం గురించి పెదనాన్న ఇప్పటికీ చెబుతారు. ఆవిడ పుట్టింటికి వచ్చేసరికే గోదావరి అవతల రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగి ముప్పై ఏళ్ళు. అది 1881 డిసెంబరు 11న. వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రానంటే వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి వండారన్నది మనందరికీ తెలిసిందే. మా తాతయ్యకి అవన్నీ తెలియవా? తెలుసు. అక్కని రోజూ కళ్ళముందు చూస్తూ, చేయదగింది ఏదో ఉన్నా చేయలేదని బతకడం కష్టం. ఆ కష్టాన్ని పెన్సిలు గీత కొంత తేలిక చేసి ఉంటుంది. ఇది నా ఊహ. పెదనాన్నని అడగలేదు.

పెదనాన్న కూడా అదే గీత పట్టుకుని నన్ను పంపించేస్తారనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "రఘునాథాయ నాథాయ, తర్వాత ఏమిటి?" అన్నారు.

"సీతాయాః పతయే నమః."

"పాణిని ప్రకారం 'పత్యే' అనాలి. పతయే అన్నాడు. అక్కడ సమాసం లేదు, పక్కనే సీతాయాః అని షష్ఠి ఉంది. అయినా చిన్నప్పటినుంచి చదువుతున్నాం కదా, ఎవడైనా తప్పు పట్టాడా? ఆర్షం, ఋషుల ప్రయోగం, వ్యాకరణానికి లొంగకపోయినా చెల్లుతుంది అని సరిపెట్టుకున్నాం. మరి అక్కడ ఆర్షమైనది ఇక్కడెందుకు కాలేదు?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. "నాకు ఈ పెళ్ళి ఇష్టం లేదురా. అది వేరే సంగతి. శ్లోకం మాత్రం నీ వైపే ఉంది. కింద రెండూ నీ వైపు లేవు. అది కూడా మీ బాబాయికి చెప్పు."

ఎవరు నిజాయితీగా చదివినట్టు?

బస్సులో తిరిగి వస్తూ ఇదే ఆలోచన. పెళ్ళి విషయంలో నేనే రైటు, ఇప్పటికీ అదే అంటాను. ఆయనది తప్పు. కానీ పుస్తకం చదవడంలో ఆయన తిన్నగా చదివారు, నేను వంకరగా చదివాను. మంచి కోరిక ఉన్నవాడి చదువు మంచిదవుతుందని నాకు ఎవరు చెప్పారో గాని, తప్పు చెప్పారు.

వెంటనే ఇంకో అనుమానం. బెంగాల్లో ఇదే శ్లోకంతో వితంతు వివాహాల కోసం వాదించిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు మాత్రం ఖాళీ మనసుతో పరాశరుణ్ణి తెరిచాడా? ముందే నిర్ణయించుకున్నాడు. ఈ దేశంలో యుక్తి చెబితే ఎవరూ వినరు, శాస్త్రం చూపిస్తేనే వింటారని తెలిసి, శాస్త్రం కోసం వెతికాడు. 1855లో పుస్తకం వేశాడు. మరుసటి ఏడు వితంతు వివాహాల చట్టం వచ్చింది. చట్టం కావాలన్న అర్జీ మీద దాదాపు వెయ్యి సంతకాలుంటే, వద్దన్న అర్జీ మీద ముప్పై వేలకు పైగా ఉన్నాయి. అంటే ఆయనా నాలాగే జవాబు జేబులో పెట్టుకుని ప్రశ్న దగ్గరికి వెళ్ళినవాడే. తేడా ఒక్కటే. ఆయన కత్తిరించలేదు. బ్రహ్మచర్యం శ్లోకాన్నీ సహగమనం శ్లోకాన్నీ ముందు పెట్టుకునే వాదించాడు. పరాశరుడు విధవకి మూడు దారులు చెప్పాడు, అందులో ఒకటి వివాహం, సహగమనాన్ని ప్రభుత్వం ఎలాగూ నిషేధించింది, బ్రహ్మచర్యం నిలబెట్టుకోవడం ఈ కాలంలో చాలా కష్టం అన్నాడు. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ ఎదుటివాడు చూడాల్సిన కాగితాలన్నీ బల్ల మీద పెట్టాడు.

కాబట్టి శ్లోకం దగ్గరికి ఏ కోరికతో వెళ్ళాం అన్నదాన్నిబట్టి చదివింది తప్పో ఒప్పో తేలదు. కోరిక లేకుండా ఎవరూ వెళ్ళరు. వెళ్ళాక, మనకి పనికొచ్చే చోట వాడిన సూత్రాన్నే పనికిరాని చోట కూడా వాడతామా? సీతాయాః పతయే దగ్గర ఒక రాయి, పతితే పతౌ దగ్గర ఇంకో రాయి పెట్టి తూస్తున్నామా? మత గ్రంథాల విషయంలో నిష్పాక్షికత అనేది ఉంటే ఇంతమేరే ఉంటుందని నాకనిపిస్తోంది. అంతకు మించి ఉందంటే నమ్మలేను.

ఇదే నమ్మకాన్ని కూలదోసే ఉదాహరణ మన దగ్గరే ఉంది. గ్రంథ తాత్పర్యం తేల్చడానికి మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థం విచారించే పండితులు, ఆరు గుర్తులు చెప్పారు. మొదలూ చివరా ఒకే మాట చెబుతున్నాయా, ఏ మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది, కొత్తగా ఏం చెబుతోంది, ఫలం ఏమిటి, దేన్ని పొగుడుతోంది, యుక్తి ఏమిటి. ఇంతకన్నా మంచి కొలబద్ద ఇవాళ కూడా ఎవరూ చెప్పలేరు. ఆ కొలబద్దతోనే, జీవుడూ బ్రహ్మమూ ఒకటే అనే అద్వైతులూ, వేరు అనే ద్వైతులూ ఛాందోగ్య ఉపనిషత్తు ఆరో అధ్యాయం కొలిచారు. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకి తొమ్మిదిసార్లు "తత్త్వమసి" అంటాడు. చూశారా అభ్యాసం, అంటే మళ్ళీ మళ్ళీ రావడం, నువ్వే అది అని తొమ్మిదిసార్లు చెప్పాడు అంటారు అద్వైతులు. ద్వైత మతాచార్యుడు మధ్వాచార్యులు దానికి ముందున్న "స ఆత్మా" తో కలిపి చదివి, అక్కడ ఒక అకారం దాక్కుందన్నారు. ఆత్మా, అతత్, త్వమ్, అసి. నువ్వు అది కాదు. తాడు కట్టిన పక్షి, సముద్రంలో కలిసే నదులు, నీళ్ళలో ఉప్పు, ఈ దృష్టాంతాలన్నీ భేదాన్నే చెబుతున్నాయని ఆయన వాదం. మళ్ళీ చెవికి రెండూ ఒకటే. మళ్ళీ ఒక అకారమే. మా తాతయ్య గీత చూసి నవ్వుకున్న నేను ఇక్కడ నవ్వలేకపోయాను. ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఎవరి అక్కనీ ఇంట్లో కూర్చోబెట్టలేదు, ఎవరూ దేన్నీ కత్తిరించలేదు. మహా పండితులు, ఒకే సూత్రాలు, ఒకే పాఠం, అయినా రెండు అర్థాలు. నాకు మధ్వుల విరుపు సాగదీసినట్టే అనిపిస్తుంది. కానీ అద్వైతం గాలి పీల్చే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు అలా అనిపించక ఎలా అనిపిస్తుంది?

అలాగని ఎవరి అర్థం వారిదే అని చేతులు దులుపుకోవడమూ కుదరదు. ఋగ్వేదం పదో మండలం 18వ సూక్తంలో ఒక మంత్రం ఉంది, "ఆ రోహంతు జనయో యోనిమగ్రే" అని. స్త్రీలు ముందుగా వెళ్ళాలి అని. కొన్ని ధర్మశాస్త్ర గ్రంథాలు దీన్నే "అగ్నేః" అని ఉదహరించి సతికి వేదప్రమాణంగా చూపించాయి. రావత్తు పోయి నావత్తు వచ్చింది, ఒక విసర్గ చేరింది, అంతే. కావాలని మార్చారా, రాతలో జారిందా అన్నది వేరే గొడవ. కానీ ఋగ్వేదం కంఠస్థం చేసిన ఎవరిని కూర్చోబెట్టినా "అగ్రే" అనే అంటారు. పైగా ఆ మంత్రంలోనే ఆ స్త్రీలని "అవిధవాః" అన్నారు, భర్తలున్నవాళ్ళని. తర్వాతి మంత్రం చితి దగ్గర పడుకున్న ఆమెని "ఉదీర్ష్వ", లేమ్మా, బతికున్నవాళ్ళ లోకానికి రా అంటుంది. ఇక్కడ రెండు అభిప్రాయాలకి చోటు లేదు. గ్రంథం మెత్తటి మట్టి కాదు. కొన్నిచోట్ల ఎంత నొక్కినా మనం కోరిన ఆకారం రాదు.

బయటివాడు చదివితే

నాకో హేతువాది స్నేహితుడున్నాడు. ఈ కథంతా చెబితే, "నమ్మేవాళ్ళు మీరు కాబట్టి ఈ తంటా. మాకు ఏ అర్థం వచ్చినా పోయేదేం లేదు, మేమే సరిగ్గా చదవగలం" అన్నాడు. బానే ఉంది అనిపించింది. కానీ వాడి పుస్తకాల బీరువాలో మనుస్మృతి తీసి చూస్తే తొమ్మిదో అధ్యాయం మొదట్లో "న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి" కింద ఎర్ర గీత ఉంది. మూడో అధ్యాయంలో "యత్ర నార్యస్తు పూజ్యంతే" దగ్గర పేజీ కొత్తదిలా ఉంది. మా వాట్సాప్ గ్రూపు వాళ్ళ పుస్తకం తీస్తే గీత అక్కడుంటుంది, ఇక్కడ ఉండదు. వాడికి పోయేదేం లేకపోవడం నిజమే, గెలవాలని మాత్రం ఉంది.

కోర్టు అయితే? మూడు తలాక్‌ల కేసు విన్న ఐదుగురు సుప్రీంకోర్టు జడ్జీలు ఐదు మతాలవాళ్ళు. సిక్కు, క్రైస్తవుడు, పార్సీ, హిందువు, ముస్లిం. ఇంతకన్నా సమంగా బెంచి వేయడం ఎవరి తరమూ కాదు. 2017 ఆగస్టు 22న తీర్పు 3-2గా చీలింది. మెజారిటీలో కూడా ఇద్దరు రాజ్యాంగంలోని సమానత్వం మీద నడిచారు. ఖురాన్ తెరిచి అందులో చెడ్డదన్నది షరియత్‌లో మంచిది కాలేదన్న దారిలో వెళ్ళింది జస్టిస్ కురియన్ జోసెఫ్, ఆయన క్రైస్తవుడు. అది ఆ మతస్థుల విశ్వాసంలో భాగం, మేం తీసేయలేం, చట్టసభ చూసుకోవాలి అన్న ఇద్దరిలో ఒకరు సిక్కు, ఒకరు ముస్లిం. ఆ ముస్లిం జడ్జి అబ్దుల్ నజీర్ గారే తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌కి గవర్నర్‌గా వచ్చారు. ఎవరి మతాన్నిబట్టి వాళ్ళు చీలలేదు, అది సంతోషమే. బయటివాళ్ళు తూచినా ఒకే తూకం రాలేదన్నది కూడా నిజమే.

ఇక్కడ పెదనాన్న మాట ఒకటి చెప్పాలి. ఆ రోజు నేను బయల్దేరేముందు, "వ్యాకరణం తెలిసిన ఎవడికైనా శ్లోకానికి అర్థం దొరుకుతుందిరా. అది ఆజ్ఞా కాదా అన్నది వ్యాకరణంలో ఉండదు" అన్నారు. చాలా రోజులు ఆ మాట చుట్టూ తిరిగాను. పరాశరుడు ఏమన్నాడో తవ్వి తీయొచ్చు, వాదించి తేల్చొచ్చు. పరాశరుడు అన్నాడు గనక మా చెల్లి పెళ్ళి చేసుకోవాలా మానాలా అన్నది తవ్వితే వచ్చేది కాదు. దాన్ని మనం ఇంటి నుంచి తెచ్చుకుంటాం. విద్యారణ్యులని చాలామంది చెప్పే మాధవాచార్యులు (ఇందాకటి మధ్వాచార్యులు కాదు) పరాశర స్మృతికి రాసిన వ్యాఖ్యానం చూడండి. 14వ శతాబ్దం, విజయనగరం. ఆయన అకారం దాచలేదు, శ్లోకానికి అర్థం పునర్వివాహమేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఇది "యుగాంతరవిషయః", వేరే యుగానికి చెందింది అని పక్కన పెట్టాడు. కలియుగం కోసమే రాశానని చెప్పుకున్న పుస్తకంలోని శ్లోకాన్ని! అర్థం దగ్గర అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి, ఆజ్ఞ దగ్గరికొచ్చేసరికి తన కాలం మాటే విన్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. నేనూ ఆజ్ఞ దగ్గర నా కాలం మాటే వింటున్నాను. సహగమనం శ్లోకాన్ని నేను ఏ యుగానికి తోసేశానో నాకు తెలుసు.

అప్పుడు అసలు శ్లోకమెందుకు, చెల్లికి ఇష్టం, అంతే అనొచ్చు కదా? అనొచ్చు. ఆ మాట బాబాయితో నేనే అన్నాను కూడా. ఆయన తల ఊపి, "అన్నయ్య ఏమన్నాడు?" అని అడిగాడు.

అన్నయ్య అన్నది మొత్తం చెప్పాను, కింది రెండు శ్లోకాలతో సహా. బాబాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "శ్లోకం మన వైపే ఉందన్నాడా? తనకి ఇష్టం లేకుండానే అన్నాడా?" అని రెండుసార్లు అడిగి సరేనన్నాడు. నేను పెట్టిన స్క్రీన్‌షాట్ ఆయన తెరిచి చూడనే లేదు.

పెళ్ళి అన్నవరంలో జరిగింది. పెదనాన్న ముహూర్తం పెట్టనన్నారు, ఇంకొకరి చేత పెట్టించుకున్నాం. ఆయన వచ్చారు. అక్షింతలు వేశారు. భోజనం దగ్గర పాపని పక్కన కూర్చోబెట్టుకుని దాని విస్తట్లోంచి పచ్చిమిరపకాయలు ఏరారు.

ఈ వ్యాసం సగం రాసిపెట్టుకున్నాక పోయిన వారం ఆయన దగ్గర్నుంచి ఫోన్. నారద స్మృతిలో కూడా ఇదే శ్లోకం ఉందట. దాని కింద, దేశాంతరం పోయిన భర్త కోసం బ్రాహ్మణ స్త్రీ ఎనిమిదేళ్ళు చూడాలి, బిడ్డ పుట్టకపోతే నాలుగేళ్ళు చాలు, ఆ తర్వాత వేరొకణ్ణి ఆశ్రయించవచ్చు అని ఉందట.

"బిడ్డ పుట్టిందా లేదా అని అడుగుతున్నాడంటే నిశ్చయమైన పిల్ల గురించి కాదు కదరా. అపతౌ అన్నది ఇంక నిలవదు" అన్నారు. గొంతులో సంతోషం లేదు, లెక్క తేలినవాడి స్థిమితం ఉంది.

"మరి తాతయ్య పెట్టిన గీత చెరిపేస్తారా?" అన్నాను.

"ఉండనీరా. ఆయన చేత్తో పెట్టింది" అన్నారు.